దసరా చీరలకి పోచంపల్లి పోతున్నరా, అయితే ముందు మగ్గం చూడండి

రాఖీ పండగ అయిపోయిన తెల్లారి మా ఇంటి వాట్సాప్ గ్రూప్‌ల పంచాయితీ మొదలైతది, ఈసారి దసరా బట్టలు ఎక్కడ అని. చెల్లె ఆన్‌లైన్ అంటది, మా బావ మాల్‌ల ఏసీ ఉంటదంటడు, అమ్మ మాత్రం ఏండ్ల నుంచి ఒకటే మాట, "పోచంపల్లి పోయొద్దాం, ఒక్క రోజుల అందరివి అయిపోతయి". చివరికి అమ్మ మాటే నడుస్తది. అట్ల పోయి పోయి నాకు కొంచెం లెక్క తెలిసింది, మొదటి రెండు సార్లు మాత్రం డబ్బులు పోగొట్టుకున్నట్టే. ఎవరో మోసం చేసిన్రని కాదు, ఏం చూడాల్నో నాకే తెల్వకపాయె. మొన్న ఆఫీసుల ఒకామె అడిగితే అన్నీ చెప్పుకుంటపోయిన, అదే ఇక్కడ రాస్తున్న.

ముందుగాల ఎప్పుడు పోవాల్నో చెప్తా, ఎందుకంటే చానా మంది ఇక్కడే తప్పు చేస్తరు. చీర కొనుడు ఒక్క రోజు పని, బ్లౌజు కుట్టించుడు పదిహేను రోజుల పని. ఎంగిలిపూల బతుకమ్మకి పది పన్నెండు రోజుల ముందు నుంచి మంచి టైలర్ ఎవరూ కొత్తవి పట్టుకోరు, "పండగ తర్వాత రా అక్కా" అంటరు. ఇగ దాని మీద మగ్గం వర్క్ కావాలంటే ఇంకో వారం పది రోజులు కలుపుకోండి (ఆ మగ్గం ఎంబ్రాయిడరీది, చీర నేసే మగ్గం వేరు, మా చెల్లె పోచంపల్లిల ఒకాయన్ని "బ్లౌజు మీద మగ్గం వర్క్ చేస్తరా" అని అడిగితే ఆయన మొహం చూడాలె). అందుకని ఎంగిలిపూలకి కనీసం నెల ముందే పోండి. ఆదివారం అస్సలు వద్దు, హైదరాబాద్ మొత్తం అక్కడనే ఉంటది. ఒక పూట లీవ్ పెట్టినా సరే మామూలు రోజు పోండి, షాపుల పిల్లగాళ్లకి చీరలు విప్పి చూపించే ఓపిక ఉంటది, మగ్గాలు కూడా నడుస్తుంటయి.

పోవుడు పెద్ద కష్టం కాదు. ఎల్బీనగర్ నుంచి విజయవాడ హైవే ఎక్కి, హయత్‌నగర్, రామోజీ ఫిల్మ్ సిటీ దాటినంక ఎడమకి తిరగాలె, సిటీ నుంచి అంతా కలిపి 40, 45 కిలోమీటర్లు. ఊరు యాదాద్రి భువనగిరి జిల్లాల ఉంది. పొద్దున టిఫిన్ చేసి ఎనిమిదిన్నరకల్లా బయల్దేరితే షాపులు తీసే టైంకి అక్కడ ఉంటరు. మధ్యాహ్నం తిండికి ఊర్ల పెద్ద హోటళ్లు ఉంటయనుకోకండి, మేమైతే పులిహోర, పెరుగన్నం కట్టుకపోతం.

పోయే ముందు రోజు ఒక కాయితం రాసుకోండి. ఫోన్‌ల కాదు, కాయితమే, ఎందుకంటే ఫోన్ అయితే వాట్సాప్‌కి పోతది మనసు. మా అమ్మ రాసే చిట్టీ ఇట్ల ఉంటది: "పెద్దక్క, పట్టు, ఆకుపచ్చ వద్దు రెండు ఉన్నయి. చిన్నొదిన, కాటన్, బార్డర్ సన్నం. అత్తమ్మ, లేత రంగు, బరువు ఉండొద్దు. వాయినాలకి జాకెట్టు ముక్కలు పదకొండు." ప్రతి పేరు పక్కన ఎంత వరకు అని అంకె. ఆ అంకె లేకుండా పోతే అక్కడ రంగులు చూసినంక మనం మనం కాదు. ఇంట్ల ఉన్న పట్టు చీరలు మంచం మీద పరిచి ఒక ఫోటో తీస్కపోండి, లేకపోతే ప్రతిసారి అదే మెరూన్ తెచ్చుకుంటం, మా పెద్దక్క బీరువాల నాలుగు మెరూన్‌లు ఉన్నయి.

ఇగ అసలు సంగతికొస్తా. ఊర్లకి రాంగనే రోడ్డుకి రెండు పక్కలా షాపులే, రంగులే రంగులు, బండి ఆగంగనే లోపలికి ఉరుకుడే ఉరుకుడు. ఆగండి. ముందు ఒక మగ్గం చూడండి. టూరిజం వాళ్ల సెంటర్‌ల చిన్న మ్యూజియం లాంటిది ఉంది, నూలు రంగులద్దుడు కాడ నుంచి నేసుడు దాకా చూపిస్తరు. అక్కడ కాకుంటే ఏ గల్లీలకైనా పోయి మగ్గం చప్పుడు వినపడ్డ ఇంటి ముందు నిలబడి "అన్నా, కొంచెం చూడొచ్చా" అంటే వద్దనే వాళ్లు తక్కువ. చెప్పులు బయట ఇడ్సి, ఫోటోకి అడిగి, మగ్గం మీది బట్టని చేత్తో ముట్టకుండ చూడండి. అరగంట చాలు. ఆ అరగంట అయినంక మీరు షాపుల వేరే మనిషి.

ఏం చూడాలంటే, ఈ పోచంపల్లి నేతని ఇక్కత్ అంటరు, ఇక్కత్‌ల నేసినంక అద్దకం ఉండదు, నేయకముందే పోగులకే రంగు పడతది. తెల్ల నూలు తీస్కొని డిజైన్ ప్రకారం ఎక్కడ రంగు ఎక్కొద్దో అక్కడ గట్టిగ కడతరు, దానికి సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పట్టీలు వాడతరు, చిటికి కట్టుడు అంటరు దీన్ని. కట్టి లేత రంగుల ముంచి, ఆరబెట్టి, మళ్ల వేరే చోట కట్టి, విప్పి, ముదురు రంగుల ముంచి, ఇట్ల ఎన్ని రంగులు ఉంటే అన్నిసార్లు. అంటే పువ్వు ఎక్కడ రావాల్నో అది మగ్గం ఎక్కకముందే పోగుల్ల దాక్కొని ఉంటది. నేసేటాయన చేసేది ఏందంటే, నాడె ఒకసారి పోంగనే ఆగి, అది అడ్డంగ తీస్కపోయిన పేక పోగు మీది రంగు మచ్చ కింది వరసతోని కలిసిందా లేదా చూసి, వేలితో ఒక వెంట్రుక మందం అటో ఇటో జరిపి, అప్పుడు కొడతడు. ఒక ఏనుగు తొండం వచ్చేదాకా నేను నిలబడి చూసిన, నాకే మెడ నొప్పి పెట్టింది.

అంతకంటే ముందు ఇంకో పని ఉంది, ఆసు పోసుడు. పేక నూలుని అర్ధ చంద్రం లెక్క ఉన్న కొయ్య మేకుల చుట్టూ చేత్తో అటూ ఇటూ తిప్పాలె, ఒక్క చీరకి దగ్గర దగ్గర 9,000 సార్లు. ఇది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే చేసేది. ఒకింట్ల పెద్దామె గోడకి ఆనుకొని కూసోని ఉంటే అడిగిన, "పెద్దమ్మా, చెయ్యి నొయ్యలేదా అన్ని ఏండ్లు?" అంటే భుజం చూపిస్తూ అన్నది, "నొయ్యక ఏమైతది బిడ్డా, రాత్రి పూట చెయ్యి లేచేది కాదు. ఇప్పుడు కోడలికి ఆ బాధ లేదు, మిషిన్ ఉంది." ఆ మిషిన్ కథ మీకు తెలిసే ఉంటది, ఈ జిల్లా వాడే చింతకింది మల్లేశం గారు, తల్లి లక్ష్మమ్మ పడే బాధ చూడలేక ఏండ్ల తరబడి తన్లాడి 1999ల లక్ష్మీ ఆసు యంత్రం తయారు చేసిండు, 2017ల పద్మశ్రీ వచ్చింది. ఇది చూసినంక షాపుల "ఏందన్నా ఇంత రేటు" అని అడగాలంటే నోరు కొంచెం వెనక్కి పోతది, అదే నేను ముందు మగ్గం చూడండి అనేది.

ఇగ షాపుల ఏం పట్టి చూడాలె. మొదటిది తిప్పి చూసుడు. అసలు ఇక్కత్ అయితే పోగుకే రంగు ఉంటది గనక ముందు వైపు, వెనక వైపు ఒక్క తీరుగనే ఉంటది. ప్రింట్ అయితే వెనక వెలిసినట్టు ఉంటది. రెండోది డిజైన్ అంచులు, పువ్వు గీత కత్తితో కోసినట్టు ఉంటే అనుమానపడండి, ఇక్కత్‌ల అంచు కొంచెం పులుముకున్నట్టు, నీళ్లల్ల నీడ లెక్క ఉంటది. ఆ వేలితో జరిపే పని ఎంత జాగ్రత్తగ చేసినా వెంట్రుక తేడా ఉండనే ఉంటది కదా, ఆ తేడానే దీని అందం. కానీ ఈ రెండే సరిపోవు, ఇప్పుడు రెండు వైపులా దిగే ప్రింట్‌లు కూడా వచ్చినయి. కాబట్టి మూడోది, కొంగు చివర వేలాడే పోగు ఒకటి పట్టి చూడండి. డిజైన్ పోయే పోగు అయితే ఆ ఒక్క పోగులనే ఇంత తెలుపు, ఇంత ఎరుపు, మళ్ల ఇంత నలుపు అని ముక్కలు ముక్కలుగ రంగులు ఉంటయి, లోపలి దాకా ఇంకి ఉంటయి. ప్రింట్‌ల రంగు పైపైన ఉంటది, పోగు మెలి విప్పితే లోపల తెల్లగ కనపడతది. కొన్ని చీరల్ల డిజైన్ పడుగుల, అంటే నిలువు పోగుల్ల ఉంటది, కొన్నిట్ల పేకల, అందుకని కొంగు పోగుల తెలియకపోతే అంచు పక్క పోగు చూపించమనండి, మంచి షాపాయన విసుక్కోడు, ఇంకా ఖుషీ అయితడు "మేడంకి తెలుసు" అని.

పట్టా కాదా అన్న అనుమానం ఉంటే కొంగు కుచ్చుల నుంచి రెండు పోగులు అడిగి అగ్గిపుల్లతో కాల్చండి, బయటకొచ్చి. పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన, నలిపితే పొడి అయ్యే బూడిద. పాలిస్టర్ అయితే కరిగి గట్టి ఉండ అయితది. సిల్క్ మార్క్ ట్యాగ్ ఉంటే ఈ తిప్పలు అక్కర్లేదు, హోలోగ్రామ్ ఉందా చూస్కోండి. ఇక్కడ చాలా మంది కన్‌ఫ్యూజ్ అయితరు, సిల్క్ మార్క్ అంటే పట్టు అని మాత్రమే, చేత్తో నేసిందని కాదు. చేనేతకి హ్యాండ్లూమ్ మార్క్ వేరే ఉంటది. "ట్యాగ్ ఉందమ్మా" అన్నంగనే ఊకోకుండ ఏ ట్యాగో చదవండి.

ధర ముచ్చట. ఇది నేను చూసిన లెక్క, షాపుకీ సీజన్‌కీ మారుతది. కాటన్ ఇక్కత్ చీర రెండు మూడు వేల నుంచి మొదలైతది, పట్టు అయితే ఏడెనిమిది వేల నుంచి పైకి, పని పెరిగే కొద్ది రేటు పెరుగుతది. పన్నెండొందలకి "పోచంపల్లి పట్టు" అని ఎవరన్నా అమ్మితే అది ఇంకేదో బట్ట, ఎందుకంటే ఒక చీరకి పట్టే పట్టు నూలు ఖర్చే అంతకంటే ఎక్కువ అయితది, నేసినోళ్ల కూలీ ముట్టకముందే. డబుల్ ఇక్కత్ అంటే పడుగు, పేక రెండిటికీ చిటికి కట్టి, రెండు మచ్చలు ఒకదాని మీద ఒకటి సరిగ్గ పడేటట్టు నేసేది. దాన్ని పట్టాలంటే, సింగిల్‌ల డిజైన్ రంగుల మధ్య వేరే రంగు పోగు సన్నగ తొంగి చూస్తది, డబుల్‌ల రెండు పోగులదీ ఒకటే రంగు కాబట్టి రంగు చిక్కగ దిగుతది. దాని రేటు సింగిల్ మీద రెండింతలు మూడింతలు ఉంటది, నిజంగ ఉండాలె కూడా. దాని మీద మనసున్నోళ్లు ఇదే జిల్లాల పుట్టపాక కూడా చూడొచ్చు, నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా రుమాల్ అక్కడిదే, 2020ల దానికి జీఐ, అంటే ఇది ఫలానా చోటిదే అనే గుర్తింపు వచ్చింది. కానీ ఒక్క రోజుల రెండూ పెట్టుకోకండి, ఏదీ సరిగ్గ చూడరు.

బేరం గురించి నా మాట కొంచెం కటువుగ ఉంటది. పెద్ద షాపుల నాలుగైదు తీస్కుంటే "అన్నా, అన్నీ కలిపి ఫైనల్ చెప్పు" అనుడుల తప్పు లేదు, వాళ్లు దానికి రెడీగనే ఉంటరు. నేతోళ్ల సహకార సొసైటీల బేరం నడవదు, పండగ డిస్కౌంట్ ఏమన్నా ఉందా అని ఒకసారి అడగండి చాలు. మగ్గం ఉన్న ఇంటికి పోయి మాత్రం బేరం పెట్టకండి. చాలా మందికి తెల్వంది ఏందంటే ఆ మగ్గం మీద ఉన్న చీర ఆయనది కాకపోవచ్చు, నూలు, డిజైన్ అన్నీ మాస్టర్ వీవర్ ఇస్తడు, నేసేటాయనకి వచ్చేది కూలీ. "మాకు ఇక్కడనే ఇచ్చేయ్, రెండు వేలు తగ్గించు" అంటే ఆయన ఏం చెప్పాలె పాపం. సొంతంగ నేసి అమ్మేటోళ్లు కూడా ఉంటరు, "ఇది సొంతందేనా అన్నా, మాస్టర్‌దా" అని ముందే అడిగితే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు.

మేము ఫాలో అయ్యే పద్ధతి ఇది. మగ్గం చూసినంక మూడు షాపులు తిరుగుతం, ఏదీ కొనం. నచ్చినవి ఫోటో, రేటు, షాపు పేరు. అక్కడ కూసున్నంక చాయ్ తెప్పిస్తరు, చాయ్ తాగినం కదా అని మొహమాటానికి కొనకండి, మా బావ ఈ మొహమాటంతోనే ఒకసారి ఆరు బెడ్‌షీట్లు కొన్నడు. ఆయన్ని అడిగితే ప్రతి చీరకీ "ఇది బాగుంది" అంటడు, పొద్దు పోయే కొద్ది ఇంకా ఎక్కువ బాగుంటయి. మగవాళ్లని వినోబా మందిరం వైపు పంపండి, 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు ఇచ్చి భూదానం మొదలైంది ఈ ఊర్లనే కదా, ఊరి పేరే భూదాన్ పోచంపల్లి. పక్కనే చెట్ల కింద పులిహోర తిని, ఫోటోలు ఒకరికొకరు చూపించుకొని, చిట్టీల అంకెలతో సరిచూసుకొని, అప్పుడు రెండో రౌండ్ పోతం. ఈ గంట గ్యాప్‌ల సగం చీరల మీద మోజు దానంతట అదే దిగిపోతది, దిగనివి కొంటం.

రంగు షాపు లైట్ల కింద నమ్మకండి. చీర పట్టుకొని గుమ్మం దాకా రండి, ఎండ వెలుతురుల చూడండి. లోపల నెమలి కంఠం రంగు అనుకొని తెచ్చిన చీర ఇంటికొచ్చి చూస్తే స్కూల్ యూనిఫాం నీలం అయింది నాకు ఒకసారి.

అక్కచెల్లెండ్లకి ఒక్క తీరు చీరలు కావాలంటే మంచి చిట్కా ఒకటి ఉంది. ఒక పడుగు మీద ఆరేడు చీరలు వరసగ నేస్తరు, అది దిగేసరికి నెల, నెలన్నర పడతది. "ఇదే పడుగుల వేరే చీర ఉందా" అని అడిగితే అదే డిజైన్‌ది ఇంకోటి దొరికే అవకాశం ఉంటది. లేదంటే ఆర్డర్ ఇవ్వొచ్చు, కానీ దసరాకి కాదు, సంక్రాంతికో పెండ్లికో అనుకోండి.

డబ్బులు కట్టే ముందు చీర మొత్తం విప్పించండి, ఆ కొస నుంచి ఈ కొస దాకా. "మడత పోతది మేడం" అంటరు, పోనీయండి. నేను ఒకసారి విప్పించకుండ తెచ్చి, ఫాల్ కుట్టించి, బ్లౌజు కట్ చేయిద్దామని చూస్తే బ్లౌజు ముక్కే లేదు. చీర ఐదున్నర మీటర్లు, దానికి బ్లౌజు ముక్క 80 సెంటీమీటర్లు వేరే ఉండాలె, అడిగి కొలిపించండి. ఫాల్ కుట్టినంక మార్చమంటే ఎవరు మారుస్తరు, ఆ షాపాయన కూడా మార్చలే, తప్పు నాదే అన్నడు, సగం కరెక్టే. విప్పినప్పుడే తెగిన పోగులు, మరకలు, రంగు అంటిన చోట్లు కనపడతయి. అక్కడక్కడ చిన్న ముడి ఉంటే భయపడకండి, చేత్తో నేసినదానికి అది మామూలు. బిల్లు మీద కాటనా, పట్టా, సింగిలా, డబులా రాయించుకోండి, నోటితో చెప్పినోళ్లు రాయడానికి ఎందుకు జంకాలె.

మీటరు బట్ట కొనేటోళ్లు పన్నా, అంటే బట్ట వెడల్పు ఎంత అని తప్పకుండ అడగండి. పన్నా తక్కువ ఉంటే కుర్తాకి రెండున్నర అనుకున్నది మూడు పడతది. కాటన్ కుట్టించకముందే ఒకసారి తడిపి ఆరేయండి, కుంచించుకుపోయేది అప్పుడే పోతది. జాకెట్టు ముక్కలు, దుప్పట్టాలు, దిండు కవర్లు ఇవన్నీ చివర్ల తీస్కోండి, మొదలు వీటి కాడ కూసుంటే చీరల టైం పోతది.

ఇంటికొచ్చినంక కాటన్ చీర మొదటిసారి గల్లుప్పు నీళ్లల్ల కాసేపు వేసి విడిగ ఉతకండి, ముదురు ఎరుపు, నలుపు కొంచెం వదులుతయి. పట్టుకి మొదటి రెండు మూడు సార్లు డ్రై క్లీన్ చేయించండి. ప్లాస్టిక్ కవర్‌ల పెట్టి బీరువాల తోసేయకండి, పాత కాటన్ లుంగీ ముక్కల చుట్టి, రెండు మూడు నెలలకోసారి మడత మార్చండి, ఒకే మడత మీద పట్టు పగుల్తది.

ఇంకొకటి, వచ్చేటప్పుడు ఎంత అలిసిపోయినా సక్కగ ఇంటికి పోకండి. దారిల టైలర్ కాడ ఆగి బ్లౌజు ముక్కలు, కొలత బ్లౌజు ఆమె చేతిల పెట్టి, తేదీ రాయించుకొని రండి. కొలత బ్లౌజు పొద్దుగాలే కార్ల పెట్టుకోవాలె, మేము మొన్న కూడా మర్చిపోయి మళ్ల ఇంటికి పోయొచ్చినం.